పికప్ బండికి అదనపు లైట్లు: స్విచ్చు దారి, కరెంటు దారి

పికప్ బండికి అదనపు లైట్లు బిగించేటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది వాటికి కావలసిన కరెంటు ఏ దారిన వెళ్ళాలన్న సంగతి. లైటు ఎంత పెద్దది, ఎంత దూరం కొడుతుంది, ఎక్కడ బిగించాలి అన్నవి ఆ తరువాతి మాటలు. డాష్‌బోర్డులో కంపెనీ ఇచ్చిన స్విచ్చుతోనే కొత్త లైట్లు కూడా వెలగాలని చాలామంది యజమానులు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. చీకట్లో చెయ్యి అలవాటుగా వెళ్ళే చోటే స్విచ్చు ఉంటుంది, డాష్‌బోర్డుకు కొత్త రంధ్రం పెట్టనక్కరలేదు. అయితే ఆ స్విచ్చు ఎంత కరెంటు మోయగలదో చూడకుండా దాని వెనక తీగను కోసి కొత్త లైట్లు కలిపేస్తే, మొదట లైట్లు మసకగా వెలుగుతాయి, కొన్నాళ్ళకు స్విచ్చు కాలిపోతుంది, ఒక్కోసారి బండే అంటుకుంటుంది.

విజయనగరం జిల్లా భోగాపురం లాంటి చోట ఈ లైట్ల అవసరం నిజమైనదే. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే 16వ నెంబరు జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది. దానికి తూర్పున ముక్కాం, చేపలకంచేరు వంటి మత్స్యకార గ్రామాలు, కొబ్బరి, జీడి, సరుగుడు తోటలు, టైరు దిగబడే ఇసుక దారులు ఉన్నాయి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పనులతో ఈ మండలంలో రాత్రిపూట బండ్ల రాకపోకలు పెరిగాయి. వేట నుంచి తెల్లవారుజామున వచ్చే చేపను ఎత్తుకోవడానికైనా, తోటలోంచి కాయ దించుకు రావడానికైనా, గుంతలు పడ్డ మట్టిదారిలో కంపెనీ హెడ్‌లైటు చూపించేది కొద్దిమేరే. మహీంద్రా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా లాంటి సరుకు బండ్లు ఉత్తరాంధ్రలో ఏ సంతకు వెళ్ళినా కనిపిస్తాయి. ఇసుజు డీ-మ్యాక్స్ అయితే ఆంధ్రలోనే, శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీలో తయారవుతుంది. బండి ఏదైనా వైరింగు సూత్రం ఒకటే.

పన్నెండు వోల్టుల లెక్క

పికప్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. నిండుగా చార్జయినప్పుడు ఒక్కో సెల్‌లో 2.1 వోల్టులు, మొత్తం 12.6. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు, అంటే మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచేది, దాన్ని 13.8 నుంచి 14.4 వోల్టుల దగ్గర నిలుపుతుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇంట్లో 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల పాతకాలపు బల్బు తీసుకునేది పావు ఆంపియరుకు కాస్త ఎక్కువ. దాదాపు అదే శక్తి గల 55 వాట్ల హాలోజన్ బల్బు బండిలో 12 వోల్టుల మీద 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు లైట్లు పెడితే తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. వంద వాట్ల బల్బుల జత పెడితే పదహారు దాటుతుంది. 120 వాట్ల ఎల్ఈడీ బారు పది ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ తక్కువైన చోట అదే వెలుగుకు కరెంటు ఎక్కువ కావాలి. బండి వైరింగులో వచ్చే కష్టాలన్నిటికీ మూలం ఇదే.

తీగలోనూ అతుకులోనూ పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన ఒక అతుకులో పదోవంతు ఓమ్ నిరోధం మిగిలిందనుకుంటే, పది ఆంపియర్లు పోయేటప్పుడు అక్కడ ఒక వోల్టు ఖర్చయి పది వాట్ల వేడి పుడుతుంది. పది వాట్లు పెద్ద అంకె కాకపోవచ్చు. కానీ చిటికెన వేలి మందం లేని అతుకులో, గాలి ఆడని టేపు కింద, గంటల తరబడి పుడితే ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి కరిగిపోవడానికి అది చాలు.

స్విచ్చు ఎందుకు ఓడిపోతుంది

డాష్‌బోర్డు స్విచ్చు లోపల రెండు చిన్న లోహపు ముక్కలు ఒకదానికొకటి ఆనుతాయి, విడిపోతాయి. వాటికి రెండు గండాలున్నాయి. ఒకటి లైటు వేసిన క్షణంలో వస్తుంది. హాలోజన్ బల్బులోని టంగ్‌స్టన్ తీగ వేడెక్కాకే దాని నిరోధం పూర్తిగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు నిరోధం అందులో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. అందువల్ల వెలిగించిన తొలి కొన్ని మిల్లీసెకన్లలో మామూలు కంటే పదింతల దాకా కరెంటు దూకుతుంది. 55 వాట్ల జతకు తొమ్మిది ఆంపియర్లే కదా అనుకున్న స్విచ్చు ఆ క్షణంలో తొంభై ఆంపియర్ల దెబ్బ తింటుంది. ముక్కల ఉపరితలం రవ్వంత కరిగి, గుంతలు పడి, చివరకు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. స్విచ్చు ఆర్పినా లైటు ఆరదు.

రెండో గండం ఆర్పేటప్పుడు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ ఏసీ కనుక సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది. స్విచ్చులో లేచిన నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర దానంతటదే ఆరిపోతుంది. బండిలోది డీసీ. దానికి సున్నా లేదు. ముక్కలు తగినంత దూరం జరిగేదాకా రవ్వ సాగుతూ లోహాన్ని కాలుస్తూనే ఉంటుంది. ఇంటి గోడకు పెట్టే స్విచ్చును తెచ్చి స్టీరింగు కింద బిగించే అలవాటు ఈ కారణం వల్లనే ప్రమాదకరం. దాని మీద ఆరు ఆంపియర్లని రాసి ఉన్నా, ఆ మాట ఏసీకి చెప్పింది.

రిలే చేసే పని

ఈ చిక్కుకు పరిష్కారం దాదాపు రెండు వందల ఏళ్ళ నాటిది. అమెరికన్ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1830లలో బలహీనమైన కరెంటుతో ఒక విద్యుదయస్కాంతాన్ని పనిచేయించి, దానితో మరో బలమైన సర్క్యూటును కలిపి విడదీయవచ్చని చూపించాడు. దూరం వెళ్ళి నీరసించిన టెలిగ్రాఫు సంకేతాన్ని తిరిగి బలంగా ముందుకు పంపడానికి అదే ఉపాయం ఆధారమైంది. దానికే రిలే అని పేరు. పంటకాలువ దగ్గర లస్కరు షట్టరు ఎత్తుతాడు తప్ప నీళ్ళు మోయడు. డాష్‌బోర్డు స్విచ్చు కూడా రిలేకు ఆజ్ఞ ఇవ్వాలి తప్ప లైటు కరెంటును తన మీదుగా పోనివ్వకూడదు.

బండ్లలో వాడే అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల రిలే మీద జర్మన్ ప్రమాణం ప్రకారం అంకెలు ముద్రించి ఉంటాయి. 30 అన్న కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చిన లావు తీగ తగలాలి. 87 నుంచి లైట్లకు వెళ్ళాలి. 85, 86 లోపలి కాయిల్ రెండు కొసలు. ఒకటి స్విచ్చు నుంచి వచ్చే సన్న తీగకు, రెండోది ఎర్త్‌కు. కొన్నిటిలో 87ఏ అని అయిదో కాలు ఉంటుంది. రిలే ఆరి ఉన్నప్పుడు కలిసి ఉండేది అదే కాబట్టి, పొరపాటున లైట్లను దానికి తగిలిస్తే బండి ఆపి తాళం తీసినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కాయిల్ నిరోధం సాధారణంగా ఎనభై, తొంభై ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. అంటే స్విచ్చు మీద పడే భారం ఆంపియరులో ఆరో వంతు, ఏడో వంతు. లోపలి పెద్ద ముక్కలు మాత్రం 30 నుంచి 40 ఆంపియర్లు మోస్తాయి. ఎంత సున్నితమైన కంపెనీ స్విచ్చయినా ఆ కొద్ది భారాన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది.

రిలేకు ఒక చెడ్డ గుణం ఉంది. కాయిల్‌కు కరెంటు ఆపిన క్షణంలో దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూలిపోయి, ఎదురు దిశలో వంద వోల్టులు మించిన తాకిడిని పుట్టించగలదు. పాత స్విచ్చుకు అది చిన్న రవ్వ. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ నుంచి ఆజ్ఞ వచ్చే బండిలో మాత్రం లోపలి ట్రాన్సిస్టరును చంపేయగల దెబ్బ. అందుకని కాయిల్‌కు అడ్డంగా డయోడు గానీ రెసిస్టరు గానీ లోపలే పెట్టిన రిలే కొనాలి. డయోడు ఉన్న రిలేలో 85, 86 తారుమారు చేయకూడదు. పాజిటివ్ ఎటు, ఎర్త్ ఎటు అన్నది రిలే ఒంటి మీది బొమ్మలోనే ఉంటుంది.

కంపెనీ స్విచ్చుల్లో రకాలు

అమెరికాలో అమ్మే పెద్ద పికప్‌లలో ఈ పని కోసమే స్విచ్చులు వస్తాయి. ఫోర్డ్ సూపర్ డ్యూటీ 2005 మోడల్ నుంచి నాలుగు ఖాళీ స్విచ్చులను డాష్‌బోర్డులో ఇచ్చింది. పికప్ కాకపోయినా, అక్కడి జీప్ రాంగ్లర్‌లో కూడా నాలుగు అదనపు స్విచ్చులు తీసుకుంటే రెండు 40 ఆంపియర్లకు, రెండు 15 ఆంపియర్లకు ఏర్పాటు చేసి ఉంటాయి. రిలే, ఫ్యూజు ముందే ఉంటాయి గనుక కొనుగోలుదారు లైట్లను చివర తగిలించుకుంటే చాలు. మన దగ్గర తిరిగే సరుకు పికప్‌లలో అలాంటి సౌకర్యం సాధారణంగా ఉండదు. ఇక్కడ కంపెనీ స్విచ్చు అంటే ఫాగ్ ల్యాంపు స్విచ్చు, లేదా ఖాళీ గడికి సరిపోయేలా అదే కంపెనీ విడిభాగంగా అమ్మే స్విచ్చు.

ఫాగ్ ల్యాంపు స్విచ్చును వాడుకోదలిస్తే, అది ఏ రకమో మొదట తెలుసుకోవాలి. పాత పద్ధతి బండిలో స్విచ్చు నొక్కితే తీగలోకి నేరుగా పన్నెండు వోల్టులు వస్తాయి. ఆ తీగను కొత్త రిలే కాయిల్‌కు తగిలిస్తే పని ముగుస్తుంది. కొన్ని బండ్లలో, ముఖ్యంగా జపాన్ కంపెనీల డిజైన్లలో, పాజిటివ్ ఎప్పుడూ లైటు దగ్గరే ఉండి స్విచ్చు ఎర్త్ వైపును కలుపుతుంది. టయోటా హైలక్స్ హెడ్‌లైట్ల విషయంలో ఇది పేరుపడ్డ సంగతి. పాజిటివ్ కోసం వెతికిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు టెస్టు ల్యాంపు అక్కడ ఎప్పుడూ వెలుగుతూనే కనిపించి తికమక పెడుతుంది. అలాంటి బండిలో రిలే కాయిల్ ఒక కొసకు ఇగ్నిషన్ పాజిటివ్, రెండో కొసకు స్విచ్చు కలిపే ఎర్త్ తీగ ఇవ్వాలి. డయోడు లేని కాయిల్‌కు ఏ కొస ఏదైనా ఒకటే.

మూడో రకం ఇప్పుడు పెరుగుతున్నది. స్విచ్చు లైటును తాకనే తాకదు. డ్రైవరు నొక్కిన సంగతిని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటరుకు చెబుతుంది, ఆ కంప్యూటరే లైటును వెలిగిస్తుంది. బండిలోని ఇలాంటి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్ పద్ధతిని జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. ఇవాళ అది దాదాపు ప్రతి కొత్త బండిలోనూ ఉంది. ఈ మాడ్యూల్ తాను పంపే కరెంటును తానే కొలుస్తుంది. అలవాటైన దానికంటే ఎక్కువ పోతే షార్టయిందనుకుని ఆపేస్తుంది, తక్కువ పోతే బల్బు మాడిందని డాష్‌బోర్డులో హెచ్చరిక వెలిగిస్తుంది. ఫాగ్ ల్యాంపు బల్బు తీసేసి దాని కప్లరుకు రిలే ఒక్కదాన్నే తగిలిస్తే ఆ కొద్ది కరెంటు చూసి కొన్ని బండ్లు పని ఆపేయడానికి కారణం ఇది. కంపెనీ బల్బును అలాగే ఉంచి, దాని పక్కనుంచి రిలేకు సన్న తీగ తీసుకుంటే ఆ తగవు ఉండదు. ఇంకొన్ని మాడ్యూళ్ళు బల్బు జీవితం పెంచడానికి కరెంటును సెకనుకు వందల సార్లు ఆపి ఆపి పంపుతాయి. కంటికి అది నిలకడగానే కనిపిస్తుంది గానీ రిలే గరగరలాడుతుంది, లోపలి ముక్కలు త్వరగా చెడతాయి. అలాంటి బండిలో ఫాగ్ ల్యాంపు తీగను వదిలేసి, ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజు నుంచి కాయిల్‌కు కరెంటు తీసుకుని, ఖాళీ గడిలో వేరే స్విచ్చు పెట్టడమే సరైన మార్గం.

స్విచ్చు వెనక పని చేసేటప్పుడు పసుపు తొడుగు, పసుపు కప్లరు ఉన్న తీగలను ముట్టకూడదు. అవి ఎయిర్‌బ్యాగువి.

తీగ మందం, ఫ్యూజు చోటు

మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు కోత వైశాల్యం గల రాగి తీగ నిరోధం సుమారు 0.017 ఓమ్. బ్యాటరీ నుంచి రిలే మీదుగా బంపరు దాకా తీగ తిరిగి తిరిగి అయిదు మీటర్లు పడుతుందనుకుందాం. 55 వాట్ల లైట్ల జతకు ఒక చదరపు మిల్లీమీటరు తీగ వాడితే దారిలోనే 0.8 వోల్టు దాకా పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే పోయేది 0.3 వోల్టు.

అర వోల్టు తేడాకు ఇంత లెక్క అవసరమా అంటే, అవసరమే. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు నిదానంగా తగ్గదు. ఇంచుమించు మూడున్నరో ఘాతం చొప్పున పడిపోతుంది. వోల్టేజీ అయిదు శాతం తగ్గితే వెలుగు పదహారు శాతం, పది శాతం తగ్గితే దాదాపు ముప్పై శాతం పోతుంది. పై ఉదాహరణలో సన్న తీగ వేసిన యజమాని కొన్న వెలుగులో ఆరో వంతుకు పైగా తీగకే అర్పిస్తున్నాడు. ఎల్ఈడీ బార్ల సంగతి వేరు. వాటిలోని డ్రైవరు సర్క్యూటు శక్తిని నిలకడగా ఉంచాలని చూస్తుంది గనుక వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వెలుగు తగ్గలేదు కదా అని సంతోషించేలోపు తీగ మరింత వేడెక్కుతుంది.

తీగ సన్న పోగులు ఎన్నో కలిసినదై ఉండాలి. ఇంటి గోడలో వేసే ఒంటిపోగు తీగ ఇంజను అదురుకు అలసి విరిగిపోతుంది. అదే కారణంగా అతుకులను గట్టిగా నొక్కే లగ్గులతో చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగడం మేలు. సీసం పోసి అతికిన చోట తీగ కర్రలా బిగుసుకుపోయి, సీసం ఆగిన అంచు దగ్గర అదురుకు తెగుతుంది. ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకులోంచి తీగ దాటేటప్పుడు రబ్బరు గ్రోమెట్ లేకపోతే రేకు అంచు ఒక్క వర్షాకాలంలోనే తొడుగును కోసేయగలదు.

ఫ్యూజు లైటును కాపాడుతుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఫ్యూజు కాపాడేది తీగను. షార్టయినప్పుడు పికప్ బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్లను ఒక్కసారిగా కుమ్మరించగలదు. ఫ్యూజుకు ముందున్న తీగ ముక్కకు దాన్నుంచి ఏ రక్షణా లేదు. అందుకే ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే పెట్టాలి. లైటు దగ్గర పెడితే దాని వల్ల ఉపయోగం లేదు. నిలకడగా పోయే కరెంటు ఫ్యూజు అంకెలో మూడు వంతులకు, మహా అయితే ఎనభై శాతానికి మించకూడదు. తొమ్మిది ఆంపియర్ల జతకు పదిహేను ఆంపియర్ల ఫ్యూజు, దానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ సరిజోడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ముప్పై ఆంపియర్లది గుచ్చడం, సిగరెట్ పెట్టె రేకు చుట్టడం అంటే తీగనే ఫ్యూజుగా మార్చుకోవడం.

ఎర్త్, సముద్రపు గాలి

లైటుకు వెళ్ళినంత కరెంటూ తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరాలి. ఆ తిరుగుదారి బండి ఛాసిస్. పాజిటివ్ తీగ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా ఎర్త్ మీద పెట్టకపోవడం వల్లనే సగం లైట్లు మిణుకుమిణుకుమంటాయని అనుభవజ్ఞులైన ఆటో ఎలక్ట్రీషియన్లు చెబుతారు. పెయింటు మీద బిగించిన బోల్టు ఎర్త్ కాదు. రేకు మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి, రింగు లగ్గు బిగించి, పైన వాజలైన్ గానీ గ్రీజు గానీ పూయాలి. బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద చిన్న సెన్సారు ఉన్న కొత్త బండ్లలో ఎర్త్‌ను ఆ కొమ్ముకే నేరుగా తగిలించకూడదు. అలా చేస్తే లైట్లు తీసుకున్న కరెంటు సెన్సారు లెక్కలోకి రాదు, చార్జింగు లెక్క తప్పుతుంది. ఎర్త్‌ను ఛాసిస్‌కే ఇవ్వాలి.

భోగాపురం తీరంలో ఈ పనికి మరింత జాగ్రత్త కావాలి. సముద్రపు గాలిలో తేలివచ్చే ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుని, లోహం మీద కరెంటును ప్రసరింపజేసే పలుచని తడిపొరగా మారుతుంది. అల్యూమినియం లైటు పెట్టె, ఇనుప క్లాంపు, రాగి లగ్గు ఒకచోట తగిలితే ఆ తడిపొరతో కలిసి అవి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో అల్యూమినియం, ఇనుము తరిగిపోతాయి. తీగ చివర తెరిచి ఉంటే కేశాకర్షణతో ఉప్పునీరు పోగుల మధ్యకు పాకి, తొడుగు లోపల మూరెడు మేర రాగికి పచ్చటి చిలుము పట్టిస్తుంది. బయటికి తీగ కొత్తదిలానే కనబడుతుంది. తగరపు పూత ఉన్న తీగ, లోపల జిగురు ఉన్న స్లీవు, స్టెయిన్‌లెస్ బోల్టులు వాడితే ఖర్చు కొంత పెరుగుతుంది. చేప, ఐసు నీళ్ళు మోసే బండికి ఆ ఖర్చు దండగ కాదు.

లైటు మీద ఐపీ67 అని ఉంటే దుమ్ము చొరదనీ, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా తట్టుకుంటుందనీ అర్థం. అయినా బాగా వేడెక్కిన లైటు మీద ఒక్కసారిగా చల్లటి నీళ్ళు పడితే లోపలి గాలి ముడుచుకుని సీలు అంచుల నుంచి తేమను లోపలికి పీలుస్తుంది. బండి కడిగేముందు లైట్లు ఆర్పి చల్లారనివ్వడం చిన్న పనే.

ఎదుటివాడి కన్ను

కరెంటు పని సరిగా కుదిరినా, ఆ వెలుగు ఎప్పుడు ఆరాలో వైరింగులోనే రాసిపెట్టకపోతే పని సగమే అయినట్టు. దూరం కొట్టే లైటు హై బీమ్‌కు తోడు కావాలి, డిప్పరు కొట్టగానే దానితో పాటు ఆరాలి. ఇందుకు మార్గం సులువు. రిలే కాయిల్‌కు వెళ్ళే కరెంటును హై బీమ్ తీగ నుంచి తీసుకుని, దాన్ని డాష్‌బోర్డు స్విచ్చు మీదుగా పంపితే, హై బీమ్ ఉండి స్విచ్చు కూడా వేసి ఉన్నప్పుడే లైట్లు వెలుగుతాయి. రెండు షరతుల్లో ఏది తప్పినా ఆరిపోతాయి. డ్రైవరు మరచిపోయినా వైరింగు మరచిపోదు. కంపెనీ స్విచ్చును వాడుకోవడంలో ఉన్న అసలు లాభం ఇదే. వేరే స్విచ్చు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చిన లైటుకు ఈ కట్టుబాటు ఉండదు, ఇంజను ఆపి మరచిపోతే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అవుతుంది.

జాతీయ రహదారి మధ్యలో పెంచే గన్నేరు, కాగితంపూల మొక్కల ప్రయోజనాల్లో ఒకటి ఎదురు వరుస లైట్లు కళ్ళలో పడకుండా ఆపడం. భోగాపురం దగ్గర రహదారి దిగి తీరం వైపు వెళ్ళే ఇరుకు రోడ్ల మీద అలాంటి అడ్డు లేదు. చీకటికి అలవాటుపడి విప్పారిన కనుపాప మీద వేల ల్యూమెన్ల బారు వెలుగు పడితే, రెటీనాలో చీకటి చూపునిచ్చే వర్ణద్రవ్యం క్షణంలో వెలిసిపోతుంది. అది మళ్ళీ కుదుటపడేలోగా సైకిలు మీద వచ్చేవాడు రోడ్డు అంచునూ, అంచున నడిచే మనిషినీ చూడలేడు.

ఫాగ్ ల్యాంపు సంగతి కొంత భిన్నం. సాలూరు ఘాట్ మీదుగా ఒడిశా వెళ్ళే బండ్లకూ, అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళే బండ్లకూ చలికాలంలో పొగమంచు తప్పదు. మంచులో హై బీమ్ వేస్తే నీటి తుంపరలు ఆ వెలుగును వెనక్కి తిప్పి డ్రైవరు కళ్ళలోకే కొడతాయి. అందుకే ఫాగ్ ల్యాంపును బంపరుకు కింద, వెడల్పుగా పరిచి, పైఅంచు కత్తిరించినట్టు ఆగిపోయేలా తయారుచేస్తారు. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని ఒక నమ్మకం ఉంది. పొగమంచు తుంపర వెలుగు తరంగదైర్ఘ్యం కంటే పది, ఇరవై రెట్లు పెద్దది కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. మంచులో పనిచేసేది రంగు కంటే లైటు ఎత్తు, దాని పైఅంచు. పది మీటర్ల దూరాన గోడ మీద ఆ అంచు లైటు ఎత్తుకు పది నుంచి ఇరవై సెంటీమీటర్లు కిందుగా పడేలా బిగిస్తే సరిపోతుంది.

ఉత్తరాంధ్ర తీరంలో మరొకరి కళ్ళనూ తలచుకోవాలి. శీతాకాలం నుంచి వేసవి దాకా ఈ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్డు పగిలి బయటపడిన పిల్ల వెలుగు ఎక్కువున్న దిక్కుకు నడుస్తుంది. ప్రకృతిలో అది సముద్రం మీది ఆకాశం. ఒడ్డున బండి లైటు వెలిగితే పిల్లలు దానివైపు నడిచి దారి తప్పి చనిపోతాయి. ఆ నెలల్లో తీరం దగ్గర ఈ లైట్లు వెలిగించకపోవడమే న్యాయం.

చట్టం, చివరి పరీక్ష

మన చట్టం ఈ విషయంలో మెత్తగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వ నియమం రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టడాన్ని నిషేధించింది. ముందు లైటు ఎదుటివారి కళ్ళను మిరుమిట్లు గొలపకూడదని 106వ నియమం చెబుతుంది. 1988 చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులను అడ్డుకుంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. తోటలోనో పని స్థలంలోనో వాడుకోవడానికి కొన్న లైటు అయినా, రోడ్డు ఎక్కే బండికి బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌ను ముందు విప్పాలి, పని ముగిశాక దాన్నే ఆఖరున బిగించాలి. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలిన క్షణంలో షార్టు. అంతా అయ్యాక ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోదాన్ని లైటు పాజిటివ్ మీద ఉంచి చూడాలి. అర వోల్టు లోపు ఉంటే ఆ వైపు బాగున్నట్టు. బ్యాటరీ నెగటివ్‌కూ లైటు ఎర్త్‌కూ మధ్య అలాగే చూస్తే 0.2 వోల్టుకు మించకూడదు. మించితే ఎక్కడో పెయింటు మిగిలి ఉంది, లేదా లగ్గు వదులుగా ఉంది. అరగంట వెలిగించి ఉంచాక రిలే సాకెట్టునూ, ఫ్యూజు హోల్డరునూ వేలితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉండవచ్చు, వేలు నిలవనంత వేడి ఉంటే ఆ అతుకు తిరిగి చేయాలి.

ఇంతకీ, అదనపు లైటు కోసం షాపుకు వెళ్ళేముందు బండి యజమానులు ఇదే కొలతను కంపెనీ హెడ్‌లైటు మీద ఒకసారి చేయించుకోవాలి. పాత పికప్‌లలో చిలుము పట్టిన కప్లరు, తుప్పు పట్టిన ఎర్త్, పసుపెక్కిన అద్దం కలిసి హెడ్‌లైటు వెలుగును బాగా తగ్గించేస్తాయి. ఎర్త్ గీకించి, అద్దం తుడిపించి, హెడ్‌లైటుకే మంచి తీగతో రిలే పెట్టిస్తే రోడ్డు ప్రయాణానికి కావలసిన వెలుగు చాలా బండ్లలో తిరిగి వస్తుంది. దానికయ్యే ఖర్చు ఎల్ఈడీ బారు ధరకంటే తక్కువ.